బల్ల, క్లోమము, మన సంతకము

గుండె యనిన అందరికిని తెలియును. మూత్రపిండము, కాలేయము అను మాటలును ఇప్పుడు ఇంటింట వినబడుచున్నవి. కడుపులో మరి రెండవయవములు కలవు. వానిని గూర్చి మనవారు ఎరిగినది మిక్కిలి స్వల్పము. మొదటిది ప్లీహము. దీనిని మన పెద్దలు 'బల్ల' యనిరి. అదియును పెరిగి చేతికి తగిలినప్పుడు మాత్రమే. మన్యపు జ్వరములు ప్రబలిన కాలమున, బిడ్డకు కడుపులో బల్ల పెరిగినదనుట సామాన్యమైన మాటయే. ఇక రెండవదగు క్లోమమునకు ఇంటిభాషలో పేరే లేదు. 'క్లోమము' అను సంస్కృతపదము సైతము ప్రాచీన వైద్యగ్రంథములలో ఏ యవయవమును సూచించునో పండితులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. ఇట్టి యవయవములకు వ్యాధి సోకి, శస్త్రచికిత్స చేయవలెనని వైద్యుడు చెప్పినప్పుడు, ఇంటివారు బిక్కమొగము వేయుట సహజము.

పరరాష్ట్రములలో తరతరములుగా స్థిరపడియున్న మనకు ఈ చిక్కు రెండింతలగుచున్నది. చెన్నైలో వైద్యుడు క్లోమమును 'కణైయం' అనును. ప్లీహమును 'మణ్ణీరల్' అనును. కాలేయమునకు అక్కడ 'కల్లీరల్' అని పేరు. మొదటి యక్షరములు చెవిజారిన యెడల వ్యాధి కాలేయమునకా, ప్లీహమునకా అనునది వినువానికి తెలియదు. బళ్ళారిలోను బెంగళూరులోను క్లోమము 'మేదోజీరక గ్రంథి' యగును. కన్నడిగులు ప్లీహమును 'గుల్మ' అందురు. మన ఆయుర్వేద పరిభాషలో గుల్మమనగా కడుపులోని గడ్డ! గుల్మను తీసివేయవలెనని చెప్పగా విని, గడ్డ పోవుచున్నది గదా యని ఊరటపడి సంతకము చేయు తెలుగువాడుండిన, తప్పు వానిది కాదు. షోలాపురమున మహారాష్ట్రులు క్లోమమును 'స్వాదుపిండ' మందురు. ఒడియాలో అది 'అగ్న్యాశయము'. యానామువారికి కాకినాడ చేరువ గనుక ఈ బాధ తక్కువ. పుదుచ్చేరికి పంపబడిననాడు వారికిని తమిళమే గతి.

భాషాసమస్యను ఆసుపత్రి గుమ్మము వరకు ఈడ్చుచున్నారని కొందరు మమ్ము ఆక్షేపింపవచ్చును. నొప్పి కేమి భాష, కత్తి కేమి భాష యని అడుగవచ్చును. అపెండిక్సు వాచినప్పుడు ఆ ప్రశ్న చెల్లును. అక్కడ నడువవలసిన దారి చాల వరకు ఒక్కటే. ఈ రెండవయవముల సంగతి అట్లు గాదు. కోయుటయా మానుటయా, నేడా నెలకా, మొత్తము తీయుటయా కొంత మిగుల్చుటయా, ఈ యూరిలోనా మరియొక యూరిలోనా అను ప్రశ్నలకు వేర్వేరు రోగులకు వేర్వేరు సమాధానములు కలవు. ఆ సమాధానములలో రోగియు, వాని యింటివారును పాలుపంచుకొనక తీరదు. అందుచే ఈ వారము మా పుట నీ విషయమునకే వినియోగించుచున్నాము.

ప్లీహము ఎడమవైపు ప్రక్కటెముకల క్రింద పిడికిలియంత యుండును. బరువు సుమారు 150 గ్రాములు. జీర్ణించిన ఎర్రకణములను ఏరివేయుట, నెత్తుటిలో జొరబడిన సూక్ష్మజీవులను పట్టి నశింపజేయుట దాని పని. ఇది లేకున్నను మనిషి బ్రతుకుననుట నిజమే. ఆ ధీమాతోనే వైద్యలోకము బహుకాలము దానిని తేలికగా తీసివేయుచు వచ్చినది. 1952లో అమెరికాలో కింగ్, షూమేకర్ అను నిరువురు, ప్లీహము తీసివేయబడిన శిశువులకు కొంతకాలమునకు ప్రాణాంతకమగు రక్తదోషము సంభవించుటను గమనించి ప్రకటించిరి. అది మొదలు వైద్యుల దృష్టి క్రమముగా మారినది. నేడు మంచి శస్త్రవైద్యుడు ప్లీహమును ఎట్లు తీయవలెనని కాక, ఎట్లు నిలుపవలెనని ముందుగా యోచించును.

ప్రమాదముల సంగతియే చూతము. మోటారుసైకిలు మీదనుండి పడి ప్లీహము చిట్లుట నేడు తరచు వినుచున్నాము. పూర్వము చిట్లిన ప్లీహమును తీసివేయుటయే విధిగా నుండెను. ఇప్పుడు రోగి నాడియు రక్తపు పోటును నిలకడగా నున్న యెడల, సి.టి. స్కాను తీసి, గాయపు తీవ్రతను చూచి, పడకపై నుంచి గంటగంటకు కనిపెట్టుచుందురు. అవసరమైనచో తొడలోని రక్తనాళము ద్వారా సన్నని గొట్టమును పంపి, కారుచున్న నాళమును మూసివేయుదురు. అనేకులకు కత్తి తోడి పని లేకయే నయమగుచున్నది. కాని రక్తపు పోటు పడిపోవుచున్నవానికి ఈ నిరీక్షణ తగదు; వానిని వెంటనే బల్లపై నెక్కించి ప్లీహమును తీసి ప్రాణము నిలుపవలెను. ఆ సమయమున ఇంటివారు పెద్దకొడుకు వచ్చువరకు సంతకము చేయమని భీష్మించుట మహాపరాధము.

రక్తవ్యాధులలో ప్లీహమును తీయుట కొందరికి మేలు చేయును. ప్లేట్‌లెట్లు అకారణముగా నశించు వ్యాధిలో, ఈ శస్త్రచికిత్స వలన సుమారు మూడింట రెండువంతుల మందికి దీర్ఘకాలము గుణము కనబడుచున్నది. అయినను ఇప్పుడు మంచి మందులు వచ్చినవి. వ్యాధి తనంత తాను తగ్గుటయు కలదు. అందుచే కనీసము ఒక సంవత్సరమైనను ఆగి చూచుట యుక్తమని నిపుణులు చెప్పుచున్నారు. పుట్టుకతో ఎర్రకణములు గుండ్రబడి విరిగిపోవు జబ్బులో, ఆరేండ్లు నిండని బిడ్డకు ప్లీహము తీయుట మానుదురు. కొందరికి కొంత భాగమును నిలిపి మిగిలినదానిని తీయుదురు. థలసీమియా బిడ్డలకు ప్లీహము విపరీతముగా పెరిగి, ఎక్కించు రక్తము నానాటికి ఎక్కువగుచున్నప్పుడు ఈ ప్రశ్న వచ్చును.

ఒడిశాలోని మనవారు సికిల్‌సెల్ వ్యాధిని గూర్చి ప్రత్యేకముగా తెలిసికొనవలెను. ఆ రాష్ట్రపు పశ్చిమ జిల్లాలలో అది విశేషముగా వ్యాపించియున్నది. భారతప్రభుత్వము 2023లో దాని నిర్మూలనకై ఒక ఉద్యమమును ప్రారంభించినది. ఆ వ్యాధి గల బిడ్డకు అకస్మాత్తుగా ప్లీహములోనికి నెత్తురు చేరి నిలిచిపోవును. కొన్ని గంటలలో బిడ్డ పాలిపోయి సొమ్మసిల్లును. తల్లి బిడ్డ కడుపును తాకి బల్ల పెరిగినదా యని చూచుకొనుట నేర్చుకొనినచో ప్రాణము దక్కును. ఇట్లు మరల మరల జరుగు బిడ్డలకే ప్లీహము తీయు యోచన చేయుదురు.

మన దేశమున తరచు కనబడు మరియొక వ్యాధి కలదు. కాలేయమునకు నెత్తురు కొనిపోవు పెద్దసిర చిన్నతనముననే మూసికొనిపోవును. కాలేయము బాగుగనే యుండును గాని, ప్లీహము బ్రహ్మాండముగా పెరుగును, బిడ్డ నెత్తురు కక్కుకొనును. పెద్ద బల్లను చూచి, దానిని తీసివేసిన సరిపోవుననుకొనుట తొందరపాటు. నెత్తుటికి క్రొత్తదారి కల్పించుటకు పనికివచ్చునది ప్లీహపు సిరయే. దానిని మూత్రపిండపు సిరకు కలిపి అతుకుదురు. దారి కల్పింపక ప్లీహమును మాత్రము తీసినచో ఆ సిర వ్యర్థమగును, తరువాత చేయదగినది మిగులదు. కావున ఇట్టి బిడ్డల తలిదండ్రులు, ఈ యతుకు పనియందు అనుభవము గల ఆసుపత్రిని వెదకి మరి పోవలెను.

ప్లీహమును తీయుట ఇప్పుడు పెక్కుచోట్ల లాపరోస్కోపు ద్వారా చిన్న రంధ్రములతోనే జరుగుచున్నది. 1991 నుండి ఈ పద్ధతి కలదు. మూడు నాలుగు దినములలో ఇంటికి వచ్చిన రోగిని చూచి బంధువులు సంతోషింతురు. అసలు జాగ్రత్త అప్పుడే మొదలగుచున్నదను సంగతి వారికి చెప్పువారు లేరు. ప్లీహము లేనివానికి న్యుమోకాకస్, మెనింగోకాకస్, హీమోఫిలస్ అను మూడు జాతుల సూక్ష్మజీవుల వలన భయము ఎక్కువ. వానికి టీకాలు కలవు. ముందుగా నిశ్చయించిన శస్త్రచికిత్సయైనచో కనీసము రెండు వారములు ముందుగా, ప్రమాదమున హఠాత్తుగా తీసినచో సుమారు రెండు వారముల తరువాత వానిని వేయింపవలెను. ఫ్లూ టీకా ఏటేట వేయింపవలెను. మలేరియా గల ప్రాంతమునకు పోవునప్పుడు వైద్యునడిగి మందు తీసికొనవలెను. కుక్క కరచినను ఆలసింపరాదు. అన్నిటికంటె ముఖ్యము, చలితో జ్వరము వచ్చినచో కషాయముతోను నుదుటి పట్టుతోను ఒక రాత్రి గడుపక, ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను. కొన్ని గంటల ఆలస్యము ఇక్కడ మృత్యువగును.

మే మెరిగిన ఒక కుటుంబములో ప్రమాదమున ప్లీహము పోయిన యువకుడొకడున్నాడు. ఆసుపత్రివారు ఇంటికి పంపునప్పుడిచ్చిన కాగితము ఇంగ్లీషులో నున్నది. టీకాల మాట అందులో ఒక పంక్తిగా నున్న మాట నిజము. ఆ కాగితమును మూడు సంవత్సరములు ప్లాస్టిక్ సంచిలో భద్రముగా, దేవుని పటము వెనుక దాచిరి. దానిని చదివినవారు మాత్రము లేరు. మొన్న మొన్ననే ఒక బంధువు దానిని చూచి టీకాలు వేయించెను. ఆసుపత్రివారు తమ ధర్మము నెరవేర్చితిమని చెప్పుదురు. కాగితమిచ్చుటయే ధర్మమైనచో, నెరవేర్చినట్లే.

ఇక క్లోమము. జీర్ణకోశమునకు వెనుక, వెన్నెముకకు ముందు, జానెడు పొడవున అడ్డముగా పరుండియున్న ఈ గ్రంథి అన్నమును కరగించు రసములను, ఇన్సులినును తయారుచేయును. దాని తల చిన్నపేగు వంపులో ఇమిడియుండును. తోక ప్లీహమును తాకుచుండును. ప్లీహపు రక్తనాళములు దీని వెన్నంటియే పోవును. అందుచేతనే తోకకు గడ్డ పుట్టినప్పుడు దానితోపాటు ప్లీహమును గూడ తీయుట ఆచారమైనది. గడ్డ ప్రమాదకరమైనది కానియెడల ప్లీహమును నిలుపుట సాధ్యమే. ఈ ప్రశ్నను ముందుగానే అడుగుట మంచిది. పోవుననిన యెడల టీకాలైనను ముందుగా పడును.

క్లోమము హఠాత్తుగా వాచుట భయంకరమైన వ్యాధి. పిత్తాశయపు రాళ్లును, మద్యమును దానికి ముఖ్యకారణములు. నొప్పికి రోగి మెలికలు తిరుగుచుండగా బంధువులు శస్త్రవైద్యుని చుట్టుముట్టి, ఎందుకు కోయరని నిలదీయుట మనము చూచుచున్నాము. కోయకుండుటయే అక్కడ వైద్యము! తొలివారములలో సెలైనులు, నొప్పి తగ్గించు మందులు, వీలైనంత త్వరలో ఆహారము, నిరంతర పర్యవేక్షణ ఇవియే చికిత్స. గ్రంథిలో కొంత భాగము చచ్చిపోయినను, అందులో చీము పట్టనిచో తరచు కత్తితో పనియుండదు. చీము పట్టినను, సాధ్యమైనచో నాలుగు వారముల వరకు ఆగి, ముందుగా గొట్టము వేసి చీమును బయటికి తీయుదురు. అది చాలనప్పుడే చిన్న మార్గమున చచ్చిన కండను తొలగింతురు. నెదర్లాండ్సు దేశపు వైద్యులు 2010లో ప్రకటించిన పరిశోధన, మొదటనే పొట్ట కోయుటకంటె ఇట్లు మెట్టుమెట్టుగా పోవుటయే మేలని తేల్చినది. కొందరికి గొట్టము తోడనే సరిపోయినది.

కాని పిత్తాశయపు రాయి కారణమైనచో కథ వేరు. వాపు స్వల్పమై తగ్గిపోయిన రోగికి, ఇంటికి పంపకముందే పిత్తాశయమును తీసివేయుట మంచిదని ఆ దేశమువారే 2015లో మరియొక పరిశోధనలో చూపిరి. మనవారు నొప్పి తగ్గగనే, పండుగ ముందున్నదనియో, పంట చేతికి రావలసియున్నదనియో మూట కట్టుకొని వచ్చివేయుదురు. మరల వచ్చు నొప్పి మొదటిదానివలె స్వల్పముగా నుండునన్న హామీ యెవ్వరిచ్చిరి? తొందర కూడనిచోట తొందరపడి, తొందరపడవలసినచోట వెనుదీయుచున్నాము.

దీర్ఘకాలము క్లోమము వాచి గట్టిపడు వ్యాధి దక్షిణభారతమునకు చిరపరిచితము. మద్యము ముట్టని యువకులకు సైతము క్లోమములో రాళ్లు పుట్టుట, ఎడతెగని నొప్పి, పిమ్మట మధుమేహము, ఇట్లు సాగు దాని యొక రూపమును కేరళలోను తమిళనాటను వైద్యులు దశాబ్దములుగా పరిశీలించుచున్నారు. నాళములోని పెద్దరాళ్లను బయటనుండి తరంగములతో పొడిచేసి, ఎండోస్కోపు ద్వారా శుభ్రపరచుట ఒక మార్గము. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ ఈ పనికి పేరుపొందినది. ఉబ్బిన నాళమును పొడవునా చీల్చి చిన్నపేగునకు అతుకుట మరియొక మార్గము. దీనికి నేడు వాడుకలోనున్న రూపమును 1960లో పార్టింగ్టన్, రోషెల్ అనువారు వర్ణించిరి. గ్రంథి తల వాచి గట్టిపడినచో, 1987లో ఫ్రే వర్ణించిన రీతిగా, తలలోని కండను కొంత తొలిచి అతుకుదురు.

వీనిలో ఏది మేలు? గొట్టము వేయించుకొని ఏటేట మార్పించుకొనుచు, నొప్పిమాత్రలకు బానిసలై, పని మాని మంచము పట్టినవారిని మేమెరుగుదుము. కత్తి యన్న భయమే దానికి మూలము. 2020లో వెలువడిన మరియొక డచ్చి పరిశోధన, ఉబ్బిన నాళము గలవారికి ఎండోస్కోపుతో మొదలుపెట్టి కాలము గడపుటకంటె, త్వరలో శస్త్రచికిత్స చేసినచో నొప్పి యెక్కువగా తగ్గునని చూపినది. కావున ఎండోస్కోపు చిన్నది, కత్తి పెద్దది అని భయపడి నిశ్చయింపక, నాళము ఉబ్బియున్నదా, రాళ్లు ఎచ్చటనున్నవి, తల వాచినదా అను మూడు సంగతులను వైద్యునడిగి నిశ్చయింపవలెనని మా యభిప్రాయము. శస్త్రచికిత్స నొప్పిని తగ్గించును గాని మధుమేహమును మాన్పదు. జీర్ణరసపు గుళికలను భోజనముతో వేసికొనుటయు తప్పకపోవచ్చును.

క్లోమపు కేన్సరు కఠినమైనది. వ్యాధి బయటపడునాటికి శస్త్రచికిత్సకు తగియుండువారు అయిదుగురిలో ఒక్కరే. తలలో పుట్టిన గడ్డ పిత్తపునాళమును నొక్కుటచే, నొప్పి లేకయే కన్నులు పచ్చబడును. ఇక్కడ మనవారి యలవాటు నొకదానిని ఖండింపక తప్పదు. పచ్చకామెర్లు అనగానే పసరు మ్రింగించుట, కంటిలో పోయించుట, పథ్యము పెట్టుట మనకు పరిపాటి. రాష్ట్రము మారినను పసరుపిచ్చి మనలను వీడలేదు. నడివయస్సు దాటినవానికి నొప్పిలేని కామెర్లు వచ్చి, బరువు తగ్గుచు, దురద పుట్టుచున్నచో, లేదా అదివరకు లేని మధుమేహము బరువు తగ్గుటతో గూడ వచ్చినచో, పసరువాని యింటికి పోయిన ప్రతివారమును వాని యాయువునుండి తీసివేసినదే.

తలలోని గడ్డకు చేయు శస్త్రచికిత్సకు విప్పుల్ అను అమెరికా వైద్యుని పేరు వచ్చినది. ఆయన 1935లో దానిని ప్రకటించెను. అంతకుముందే 1909లో బెర్లినునందు కౌష్ అను నాతడు ఇట్టిదానిని చేసియుండెను. క్లోమపు తల, దానిని చుట్టియున్న పేగువంపు, పిత్తాశయము, పిత్తనాళపు కొంతభాగము తీసివేసి, మిగిలిన క్లోమమును, పిత్తనాళమును, జీర్ణకోశమును పేగునకు మరల అతుకుదురు. ఇన్ని యతుకులలో క్లోమపు టతుకే మిక్కిలి గడుసైనది. అది కారినచో ప్రాణము మీదికి వచ్చును. ఇట్టి పని ఎవరి చేతిలో జరుగుచున్నదనునది సామాన్య విషయము కాదు. 2002లో అమెరికాలోని వృద్ధరోగుల లెక్కలు ప్రకటితమైనవి. క్లోమమును కోయు శస్త్రచికిత్సలు ఏటా పదహారింటికి మించి జరుగు ఆసుపత్రులలో నూటికి సుమారు 4 గురు మరణింపగా, ఏటికొకటియైనను జరుగని చోట్ల నూటికి 16 గురు మరణించిరి.

ఇంతకంటె స్పష్టమైన మాట యేమి కావలెను? కావున 'అయ్యా, ఈ శస్త్రచికిత్సను మీరు ఏటా ఎన్ని చేయుచున్నారు?' అని వినయముగా అడుగుట రోగి హక్కు. మంచి వైద్యుడు దీనికి కోపగింపడు. దగ్గర అను కారణమున చిన్న ఆసుపత్రిలో ఉండిపోవుటకంటె, ఒక రాత్రి రైలెక్కి పెద్దచోటికి పోవుట మేలు. గడ్డ తీయవీలు కానప్పుడు గూడ చేయదగినది కలదు: మూసికొనిన పిత్తనాళములో గొట్టము నిలిపి కామెర్లు తగ్గింతురు, నొప్పి నాపుదురు, మందులతో కొంతకాలమును సంపాదింతురు. కొందరికి ముందుగా మందులిచ్చి, గడ్డ తగ్గిన పిమ్మట కోయుటకు వీలు కలుగుచున్నది. ఏమియు చేయలేమని ఇంటికి తెచ్చి పడుకోబెట్టుట న్యాయము కాదు.

ఇవియన్నియు రోగికి ఎవరు చెప్పవలెను, ఏ భాషలో చెప్పవలెను? 2008లో సమీరా కోహ్లీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, చికిత్స స్వభావమును, ప్రయోజనమును, ఇతర మార్గములను, ముఖ్యమైన ప్రమాదములను తెలిపి పొందినదే సమ్మతి యగునని తీర్పు చెప్పినది. తెలియని భాషలో చెప్పినది తెలిపినట్లగునా? మన పిల్లల ప్రాథమిక విద్యకు రాజ్యాంగపు 350-ఎ అధికరణమును చూపుచున్నాము. మన విన్నపములను మన భాషలో పెట్టుకొనుటకు 350వ అధికరణమును చూపుచున్నాము. బడికిని కచేరికిని పోరాడిన మన సంఘములు ఆసుపత్రి మాట యెత్తినవి కావు. చెన్నైలోను వేలూరులోను తెలుగు తెలిసిన వైద్యులు పెక్కురు కలరు. వారి సౌజన్యమునకు మనము ఋణపడియున్నాము. కాని అది సౌజన్యమే, ఏర్పాటు కాదు. ఏర్పాటు లేనిచోట జరుగునదేమి? రాష్ట్రభాషలో చదువుకొనిన పదునాలుగేండ్ల పిల్లవాడు దుబాసి యగుచున్నాడు. నీ తండ్రికి కేన్సరనియు, కోసినను బ్రతుకునో లేదోననియు వైద్యుడు తమిళములో వానితో చెప్పును. దానిని వాడు తన తండ్రికి తెలుగులో చెప్పవలెను. వాడు సగము మ్రింగివేయును. ఆ సగములోనే టీకాయో, ఇతర మార్గమో, ప్రమాదమో ఉండును. తండ్రి సంతకము చేయును.

వైద్యులకు తీరిక లేదందురు. నిజమే, ఉదయమున నూరుగురు రోగులను చూచువానిని నిందించుటకు మాకు నోరాడదు. అందుచే వారిపై భారము వేయని పనినొకదానిని మా సంఘశాఖలన్నియు చేపట్టవలెనని కోరుచున్నాము. ప్రతి శాఖయు స్థానిక వైద్యులలో తెలుగువారినొకరిని ఆశ్రయించి, అవయవముల పేర్లను తెలుగునను ఆ రాష్ట్రభాషలోను ఎదురెదురుగా ఒక పుటపై అచ్చువేయింపవలెను. వైద్యునడుగవలసిన నాలుగు ప్రశ్నలు దాని వెనుక నుండవలెను: కోయకున్న ఏమగును, ఇతర మార్గమేది, ప్లీహము నిలుచునా, ఇక్కడ ఏటా ఎన్ని చేయుచున్నారు. వయస్సు వచ్చిన స్వచ్ఛందసేవకులు ఇద్దరు ముగ్గురు, ఆసుపత్రికి దుబాసులుగా పోవుటకు పేర్లియ్యవలెను. ప్లీహము తీయించుకొనినవారు మన కుటుంబములలో ఎందరున్నారో తెలిసికొని, జేబులో నుంచుకొనుటకు ఒక్కొక్కరికి ఒక చీటినియ్యవలెను. తెలుగులోను, రాష్ట్రభాషలోను, ఇంగ్లీషులోను దానిపై వ్రాయవలసినది ఇంతే: 'నాకు ప్లీహము లేదు. జ్వరమున్నచో ఆలసింపక యాంటీబయాటిక్ ఇండు. నేను వేసికొనిన టీకాలు, తేదీలు ఇవి.'